పంపింది ఎంత, చేరింది ఎంత

లినక్స్ సర్వర్లకు ఫైళ్లు ఎక్కించేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకసారి ఎదురయ్యే ఎర్రర్ ఒకటుంది: ‘రిసీవ్డ్ మెసేజ్ టూ లాంగ్ 1466264675’. అవతలి నుంచి వచ్చిన సందేశం మరీ పెద్దదిగా ఉంది, తీసుకోలేనని కంప్యూటర్ మొరాయిస్తోందన్నమాట. ఆ అంకెను బైట్లుగా చదివితే 146 కోట్ల పైమాటే. ఎక్కించబోయింది చిన్న ఎక్సెల్ షీటే కావచ్చు. పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంటుంది, ఇంటర్నెట్ బాగానే ఉంటుంది. అయినా ఫైలు కదలదు.

జవాబు ఆ అంకెలోనే ఉంది. దాన్ని 256తో పదేపదే భాగించి శేషాలను కింది నుంచి పైకి చదివితే 87, 101, 108, 99 వస్తాయి. అక్షరాలకు అంకెలు కేటాయించిన ఆస్కీ పట్టికలో చూస్తే ఇవి డబ్ల్యూ, ఇ, ఎల్, సి. అంటే ‘వెల్‌కమ్’ అనే ఇంగ్లిష్ మాటలో మొదటి నాలుగు అక్షరాలు. సర్వర్‌లో ఆ యూజర్ లాగిన్ కాగానే నడిచే బాష్‌ఆర్‌సీ స్క్రిప్టులో ఎవరో ఒక స్వాగత వాక్యం రాసి పెట్టారు. ఫైళ్లు పంపే ప్రోగ్రామేమో అవతలి నుంచి వచ్చే ప్రతి సందేశంలోనూ మొదటి నాలుగు బైట్లు దాని పొడవును చెబుతాయని నమ్ముతుంది. స్వాగత వాక్యంలోని నాలుగు అక్షరాలను పొడవుగా చదువుకుని బెంబేలెత్తిపోయింది. ఆ వాక్యాన్ని తీసేసినా, మనిషి ఎదురుగా కూర్చుని లాగిన్ అయినప్పుడు మాత్రమే కనిపించేలా మార్చినా సమస్య తీరుతుంది. అనుమానం ఉంటే ఏమీ చేయని ‘ట్రూ’ ఆదేశాన్ని, దూరంలోని కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఆ సర్వర్‌లో నడిపి చూడాలి. తెరమీద ఒక్క అక్షరం కనిపించినా దోషి దొరికినట్టే.

ఫైళ్లు పంపడంలో వచ్చే చిక్కుల్లో చాలావాటి తీరు ఇంతే. ఎర్రర్‌లోని మాటలు తికమక పెడతాయి, పక్కనున్న అంకె అసలు సంగతి చెబుతుంది. అందుకే ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోవడం అవసరం. జీతాల జాబితా బ్యాంకుకు చేరేది, ఆస్పత్రి బిల్లులు బీమా సంస్థకు వెళ్లేది, హైదరాబాద్‌లోని ఐటీ కంపెనీ రాత్రికి రాత్రి అమెరికా క్లయింటుకు రిపోర్టులు పంపేది ఎక్కువగా ఎస్‌ఎఫ్‌టీపీ అనే ఈ పద్ధతిలోనే. అక్కడ సగం ఫైలు చేరడమంటే సగం మందికి జీతం పడకపోవడం.

కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంపేందుకు తొలి ఎఫ్‌టీపీ నియమావళిని 1971 ఏప్రిల్‌లో రాసింది భారతీయుడే. ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్‌లో చదివి, అమెరికాలోని ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్ దాన్ని ఆర్‌ఎఫ్‌సీ 114 పేరుతో వెలువరించారు. ఆనాటి నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లంతా దాదాపు ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఎఫ్‌టీపీలో పాస్‌వర్డు కూడా ఏ మరుగూ లేకుండా తీగ మీద వెళ్లేది. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో ఎవరో ఇలాంటి పాస్‌వర్డులను కాజేశారు. ఆ దాడి చూశాక అక్కడి పరిశోధకుడు తాతు ఇలోనెన్, పాస్‌వర్డుతో సహా అంతా ఎన్‌క్రిప్ట్ చేసి పంపే ఎస్‌ఎస్‌హెచ్ రాశారు. ఎఫ్‌టీపీకి 21, టెల్‌నెట్‌కు 23 నంబరు పోర్టులు ఉండగా, నడుమ ఖాళీగా ఉన్న 22ను ఆయన అడిగి తీసుకున్నారు. ఎస్‌ఎస్‌హెచ్ మీద నడిచేలా తర్వాత తయారైన ఫైళ్ల పద్ధతే ఎస్‌ఎఫ్‌టీపీ. పేరులో పోలిక ఉన్నా పాత ఎఫ్‌టీపీకి తాళం వేస్తే వచ్చింది కాదిది. మొదటి నుంచీ వేరుగా రాసిన పద్ధతి.

విశేషమేమిటంటే ఎస్‌ఎఫ్‌టీపీ ఇప్పటికీ అధికారిక ప్రమాణం కాలేదు. దాని ముసాయిదాలు 2006 వరకు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి, 13వ సంఖ్య దగ్గర ఆగిపోయాయి. లోకంలో ఎక్కువగా నడిచే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాము ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం 2001 నాటి మూడో వెర్షన్‌నే పట్టుకుని ఉంది. ఒక ప్రోగ్రాముకూ మరో ప్రోగ్రాముకూ పొసగని చోట్లు మిగిలిపోవడానికి ఇదో పెద్ద కారణం.

ఇక సైజుల సంగతి. ఎస్‌ఎఫ్‌టీపీలో ఫైలు ఒక్కసారిగా వెళ్లదు. ‘ఈ ఫైలులో, ఫలానా బైటు దగ్గర నుంచి, ఈ డేటా రాయి’ అనే సందేశాలుగా తెగి వెళుతుంది. ఒక్కో సందేశంలో ఎంత డేటా ఉండొచ్చు? కనీసం 32,768 బైట్ల డేటాను, అన్నీ కలిపి 34,000 బైట్ల ప్యాకెట్‌ను ప్రతి సర్వర్ తీసుకోగలగాలని ముసాయిదా కోరుతుంది. పైనున్న తేడా ఫైలు గుర్తు, రాయాల్సిన స్థానం, పొడవు వంటి వివరాలకు. దాని అడుగున ఉండే ఎస్‌ఎస్‌హెచ్‌కు 35,000 బైట్ల లెక్క ఉంది. ఇంకా అడుగున ఈథర్‌నెట్ ఒక్కో విడతకు 1,500 బైట్లే మోస్తుంది. చిరునామాల భారం తీసేస్తే అందులో అసలు డేటాకు మిగిలేది సుమారు 1,460. అంటే ఒక్క ‘రాయి’ సందేశం తీగ మీదికి వచ్చేసరికి 23 ముక్కలవుతుంది.

ముసాయిదాలోని అంకెలు కనీసాలే తప్ప గరిష్ఠాలు కావు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ 2,62,144 బైట్ల సందేశం దాకా ఒప్పుకుంటుంది. వేరే కంపెనీల సర్వర్లు 34,000 దాటితే కనెక్షన్ తెంచేయవచ్చు. వేగం పెరుగుతుందని క్లయింట్ సెట్టింగులో బఫర్ సైజును పెంచినవాళ్లు, ఒక సర్వర్‌తో హాయిగా పనిచేసి మరో సర్వర్‌తో తెగిపోవడం చూసి తలపట్టుకునేది ఇక్కడే. ఈ ఊహల అవసరం తప్పించడానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ తర్వాత ‘లిమిట్స్’ అనే చేర్పు తెచ్చింది. సర్వర్ తన పరిమితులను ముందే చెబుతుంది, క్లయింట్ దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. రెండువైపులా ఈ చేర్పు ఉంటే పేచీ లేదు. ఏదో ఒక వైపు లేకపోతే 32,768 దగ్గరే ఉండటం క్షేమం.

అసలు చిక్కు మాత్రం ప్యాకెట్‌లో కన్నా దాన్ని రాసే చోట ఎక్కువ. యునిక్స్ కుటుంబానికి చెందిన కంప్యూటర్లన్నింట్లో ‘రైట్’ అనే ఆదేశం ఉంది. దానికి ఇన్ని బైట్లు రాయమని ఇస్తే, నిజంగా ఎన్ని రాసిందో తిరిగి చెబుతుంది. ఆ రెండూ ఒకటే కావాలని ఎక్కడా లేదు. గోదాములో వంద బస్తాలు దించమంటే చోటు చాలక అరవై దించుకుని, రసీదు కూడా అరవైకే రాసిచ్చిన గుమస్తా లాంటిదది. రసీదు చదవకుండా లారీ వెనుదిరిగితే గుమస్తా తప్పేమీ లేదు. డిస్కు నిండినప్పుడు, నెట్‌వర్క్ సాకెట్ తాత్కాలికంగా కిక్కిరిసినప్పుడు, మధ్యలో సిగ్నల్ వచ్చినప్పుడు ఇలా పాక్షికంగా రాయడం మామూలే. ఏ ఆటంకమూ లేకపోయినా లినక్స్‌లో ఒక్క రైట్ 2,147,479,552 బైట్లను మించి రాయదు.

సరిగ్గా రాసిన ప్రోగ్రాము వచ్చిన లెక్క చూసుకుని, మిగిలిన భాగాన్ని మళ్లీ ఇస్తుంది. అది పూర్తయ్యేదాకా తిరుగుతూనే ఉంటుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఈ పని కోసమే ఒక ప్రత్యేక ఫంక్షన్ ఉంది.

లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్2 అనే లైబ్రరీ వాడే ప్రోగ్రామర్లకు ఈ నియమం ఇంకాస్త కఠినం. అది డేటాను 30,000 బైట్ల ముక్కలుగా పంపుతుంది. అడిగినదానికన్నా తక్కువే రాశానని చెప్పే హక్కు దానికి ఉంది. నాన్‌బ్లాకింగ్ పద్ధతిలో పెడితే ‘ఇప్పుడు కుదరదు, మళ్లీ రా’ అనే అర్థంలో మైనస్ 37 అనే సంఖ్యను తిప్పి పంపుతుంది. అప్పుడు అదే డేటాతో మళ్లీ పిలవాలి. కొందరు దీన్ని వైఫల్యమనుకుని ఆపేస్తారు, దాంతో ఫైలు కురచవుతుంది. కొందరు తర్వాతి డేటాను అదే బఫర్‌లోకి ఎక్కించి పిలుస్తారు, దాంతో మధ్యలో ఒక ముక్క మాయమవుతుంది. ఇంకొందరు సగం వెళ్లాక కూడా బఫర్ మొదటి నుంచి పంపుతారు. ఈ చివరిది మరీ ప్రమాదం. ఫైలు సైజు అచ్చంగా సరిపోయి, లోపల ఒక భాగం రెండుసార్లు, మరో భాగం అసలు లేకుండా ఉండే అవకాశం ఉంది. సైజు మాత్రమే చూసే తనిఖీ దీన్ని పట్టుకోలేదు.

సర్వర్ వైపు సంగతి వేరు. ఎస్‌ఎఫ్‌టీపీలో చదవమని అడిగితే సర్వర్ తక్కువ ఇవ్వవచ్చు. ఫైలు అక్కడికే అయిపోయి ఉండొచ్చు, లేదా సర్వర్ పరిమితి అంతే కావచ్చు. ఎన్ని బైట్లు వచ్చాయో జవాబులోనే తెలుస్తుంది, తక్కువైన భాగాన్ని క్లయింట్ మళ్లీ అడుగుతుంది. రాయడంలో ఆ వెసులుబాటు లేదు. సర్వర్ జవాబు ‘సరే’ అని గానీ, వైఫల్యమని గానీ ఉంటుంది. ఇన్ని బైట్లే పట్టాయని చెప్పడానికి ఆ సందేశంలో చోటే లేదు. అందుకే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్, డిస్కులో పాక్షికంగా రాయడం జరిగితే దాన్ని మొత్తంగా ‘ఫెయిల్యూర్’ కింద జమకడుతుంది. 32,768 బైట్లలో 20,000 రాశాక డిస్కు నిండిందనుకుందాం. ఆ 20,000 అక్కడే మిగిలిపోతాయి, పంపినవాళ్లకు మాత్రం ‘ఫెయిల్యూర్’ అనే ఒక్క మాట అందుతుంది. మూడో వెర్షన్‌లో డిస్కు నిండిందని చెప్పే సంకేతమే లేదు. తర్వాతి ముసాయిదాల్లో డిస్కులో చోటు లేకపోవడానికి 14, కోటా దాటడానికి 15 అని వేరువేరు సంకేతాలు చేర్చారు గానీ అవి వాడుకలో నిలవలేదు. ‘ఫెయిల్యూర్’ అని ఊరికే వస్తే మొదట సర్వర్‌లో డిస్కు ఖాళీనీ, ఆ యూజర్ కోటానూ చూడాల్సిందే. డిస్కులో చోటున్నా కొత్త ఫైలుకు కావాల్సిన ఐనోడ్‌లు అయిపోయి ఉండటం కూడా ఉంది.

ఆగిపోయిన ఫైలు సైజే ఒక్కోసారి ఆచూకీ చెబుతుంది. 32,768తో గానీ 30,000తో గానీ భాగిస్తే శేషం సున్నా వచ్చిందంటే, ప్రోగ్రాము ఒక సందేశానికీ మరో సందేశానికీ మధ్య ఆగిపోయి ఉండవచ్చు. 214 కోట్ల బైట్ల దగ్గర ఆగితే ఎక్కడో 32 బిట్ల లెక్క అడ్డుపడుతోందని అనుమానించాలి. సరిగ్గా 4,294,967,295 దగ్గర ఆగితే అవతల ఉన్నది ఫ్యాట్32 డిస్కు కావచ్చు, అంతకుమించిన ఫైలును అది ఎన్నటికీ తీసుకోదు.

పైథాన్ వాడేవాళ్లకు మరో అనుభవం పరిచితమే. పారామికో లైబ్రరీ ఫైలును పంపాక, సర్వర్‌లో దాని సైజు ఎంతుందో అడిగి పోల్చుకుంటుంది. తేడా ఉంటే ‘సైజ్ మిస్‌మ్యాచ్ ఇన్ పుట్’ అంటూ రెండు అంకెలూ చూపిస్తుంది. మొదటి అంకె సున్నా అయితే డిస్కు నిండిందేమో చూడాలి. డేటాను పక్కకు దాచుకుని ఆలస్యంగా రాసే సర్వర్ కూడా అలాంటి అంకెనే చూపించగలదు. కొన్ని సంస్థల సర్వర్లు ఫైలు రాగానే దాన్ని వేరే ఫోల్డరుకు తరలిస్తాయి. అప్పుడు పారామికో అడిగేసరికి ఫైలే ఉండదు, పని విజయవంతమైనా ఎర్రర్ వస్తుంది. దీనికి విసిగి ఆ తనిఖీని ఆపేసే సెట్టింగు వాడేవాళ్లు చాలామంది. సర్వర్ ఎందుకలా చేస్తోందో కనుక్కోకుండా తనిఖీ ఆపేయడం మాత్రం మంచిది కాదు. రేపు నిజంగానే సగం ఫైలు చేరిన రోజున దాన్ని చెప్పేవాళ్లే ఉండరు.

ఇక్కడే చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఇదంతా ఎన్‌క్రిప్ట్ అయి వెళుతుంది కదా, ప్రతి ప్యాకెట్‌కూ ముద్ర ఉంటుంది కదా, ఇంకా తనిఖీ ఎందుకు? ఎస్‌ఎస్‌హెచ్ ముద్ర దారిలో ఎవరూ బైట్లను మార్చలేదని హామీ ఇస్తుంది. ఆ హామీ గట్టిదే. అది తీగ చివర ముగుస్తుంది. ఆ తర్వాత సర్వర్ మెమరీలోంచి డిస్కుకు వెళ్లేదాకా జరిగేదానికి ఎస్‌ఎస్‌హెచ్ బాధ్యత లేదు. సర్వర్ ‘సరే’ అన్న డేటా కూడా కాసేపు మెమరీలోనే ఉంటుంది, ఈలోపు కరెంటు పోతే అది డిస్కుకు చేరదు. అందుకే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో ఫైలు పూర్తవగానే డిస్కుకు దించమని కోరే ఎఫ్‌సింక్ చేర్పు పెట్టారు. నెట్‌వర్క్ మీద నడిచే ఎన్‌ఎఫ్‌ఎస్ డిస్కుల్లో కోటా దాటిన ఎర్రర్ ఒక్కోసారి ఫైలును మూసేటప్పుడే బయటపడుతుంది. మూసే ఆదేశానికి వచ్చిన జవాబును పట్టించుకోని ప్రోగ్రాము ఆ ఎర్రర్‌ను చూడనే చూడదు.

ఈ వాదనను అందరికన్నా స్పష్టంగా చెప్పినవాళ్లు ఎంఐటీకి చెందిన సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్. 1984లో పత్రికలో అచ్చయిన వాళ్ల ప్రసిద్ధ వ్యాసం మొదటి ఉదాహరణగా తీసుకున్నది ఫైలును జాగ్రత్తగా పంపడాన్నే. అందులో వాళ్ల సంస్థలోనే జరిగిన సంఘటన ఉంది. అక్కడి నెట్‌వర్క్‌లో ఒక తీగ నుంచి మరో తీగకు వెళ్లే ప్రతి అంచెలోనూ ప్యాకెట్లకు చెక్‌సమ్ తనిఖీ ఉండేది. దాంతో అంతా భద్రమనుకున్నారు. కానీ ఒక గేట్‌వే యంత్రం ప్యాకెట్‌ను తనలో ఒక బఫర్ నుంచి మరో బఫర్‌కు మార్చుకునేటప్పుడు, సుమారు పది లక్షల బైట్లకు ఒకసారి రెండు బైట్లను తారుమారు చేసేది. తనిఖీలన్నీ తీగల మీద, తప్పేమో యంత్రం కడుపులో. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ సోర్స్ ఫైళ్లు ఆ గేట్‌వే గుండా పదేపదే వెళ్లి పాడయ్యాయి. చివరకు వాటి యజమానులు పాత ప్రింటు కాగితాలు ముందు పెట్టుకుని, చేత్తో పోల్చి దిద్దుకోవాల్సి వచ్చింది.

ఎస్‌ఎఫ్‌టీపీ వేగం కూడా ఈ సందేశాల సైజు, సంఖ్యల మీదే ఆధారపడుతుంది. హైదరాబాద్ నుంచి న్యూయార్క్ సుమారు 13 వేల కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది కాబట్టి, తిన్నని తీగ ఉన్నా వెళ్లిరావడానికి 130 మిల్లీసెకన్లు పడుతుంది. సముద్రం అడుగున తీగలు చుట్టూ తిరిగి వెళ్లడం వల్ల అది 200 దాటడం మామూలే. ఒక 32,768 బైట్ల సందేశం పంపి, జవాబు వచ్చాకే రెండోది పంపే ప్రోగ్రాము సెకనుకు అయిదు సందేశాలే పంపగలదు. అంటే 160 కిలోబైట్లు. ఒక గిగాబైట్‌కు గంటా యాభై నిమిషాలు. ఇంటికి ఎంత ఖరీదైన కనెక్షన్ పెట్టించుకున్నా ఇది మారదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ క్లయింటు అందుకే జవాబుల కోసం ఆగకుండా 64 సందేశాల దాకా దారిలో ఉంచుతుంది. లెక్క ప్రకారం అదే గిగాబైట్ రెండు నిమిషాల లోపు చేరగలదు. దూరదేశాలకు ఫైలు నత్తనడకన వెళుతుంటే ముందు చూడాల్సింది ఈ సంఖ్యనే.

ఇంకో రకం చిక్కు ఉంది. లాగిన్ అవుతుంది, ఫోల్డర్ జాబితా చిన్నదైతే కనిపిస్తుంది, పెద్ద ఫైలు పెట్టగానే ఎర్రర్ కూడా లేకుండా గడ్డకట్టుకుపోతుంది. ఒక్కోసారి ఎన్‌క్రిప్షన్ తాళంచెవులు మార్చుకునే దశలోనే ఆగిపోతుంది. ఇది ఎస్‌ఎఫ్‌టీపీ తప్పు కానేకాదు, 1,500 బైట్ల దగ్గర జరిగే తగాదా. పీపీపీఓఈ పద్ధతిలో నడిచే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో ఎనిమిది బైట్లు దానికే పోయి 1,492 మిగులుతాయి. పైన వీపీఎన్ ఉంటే ఇంకా తగ్గుతాయి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ మామూలుగా 1,420కే కట్టుబడుతుంది. దారిలోని రౌటర్ తనకు పట్టని ప్యాకెట్‌ను పారేసి, ‘చిన్నది పంపు’ అని ఐసీఎంపీ సందేశం తిప్పి పంపాలి. 1990 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1191 పెట్టిన ఏర్పాటిది. భద్రత పేరుతో ఎవరో ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీ మొత్తాన్నీ ఆపేస్తే ఆ కబురు అందదు. పంపేవాళ్లు అదే పెద్ద ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతుంటారు, రౌటర్ పారేస్తూనే ఉంటుంది. చిన్న ప్యాకెట్లకు ఏ అడ్డూ లేదు కాబట్టి లాగిన్ మామూలుగా నడుస్తుంది. ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దనే షరతుతో 1,472 బైట్ల పింగ్ పంపి చూస్తే విషయం తేలుతుంది. దానికి 28 బైట్ల హెడర్లు కలిపితే 1,500. అది వెళ్లకపోతే వెళ్లేదాకా తగ్గిస్తూ పోవాలి. మందు కూడా తెలిసిందే. ఆ ఐసీఎంపీ సందేశాన్ని రానివ్వాలి, లేదా రౌటర్‌లో టీసీపీ ముక్కల సైజును తగ్గించి కట్టాలి.

ఇంత జరిగాక కూడా, అవతలి ప్రోగ్రాము సగం చేరిన ఫైలునే పూర్తి ఫైలనుకుని చదవడం మొదలుపెట్టే ప్రమాదం ఉంది. దీనికి చాలాకాలంగా వాడుకలో ఉన్న ఉపాయం తాత్కాలిక పేరు. విన్‌ఎస్‌సీపీ అనే ప్రోగ్రాము మామూలుగా వంద కిలోబైట్లు దాటిన ఫైళ్లను ‘ఫైల్‌పార్ట్’ అనే తోకపేరుతో పంపి, పూర్తయ్యాకే అసలు పేరు పెడుతుంది. సొంతంగా స్క్రిప్టులు రాసేవాళ్లు కూడా ఇదే పాటించాలి. దాంతో పాటు పంపేముందు ఫైలుకు వేలిముద్ర లాంటి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ తీసి, పక్కన చిన్న ఫైలుగా పంపితే, అవతలివాళ్లు తమ డిస్కు మీది ఫైలుకు మళ్లీ హ్యాష్ తీసి పోల్చుకోగలరు. ఎంఐటీ వాళ్లు కాగితాలతో పోల్చి చూసిన పనిని ఇది నిమిషాల్లో చేస్తుంది.

మధ్యలో తెగిన ఫైలును ఆగిన చోటు నుంచి పంపే సౌకర్యం వాడేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. చేరిన ముక్క సైజు ఎంతో చూసి, అక్కడి నుంచి మిగతాది పంపడమే ఆ సౌకర్యం చేసే పని. ముక్క లోపల ఏముందో అది చూడదు. 64 సందేశాలు ఒకేసారి దారిలో ఉన్నప్పుడు ముందువాటికన్నా వెనుకవాటి జవాబులు ముందే రావచ్చు. అప్పుడు తెగితే ఫైలు నడుమ రంధ్రం మిగులుతుంది, సైజు మాత్రం పెద్దదిగానే కనిపిస్తుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ క్లయింటు డౌన్‌లోడ్ మధ్యలో ఆగితే, రంధ్రం లేకుండా వరుసగా వచ్చిన చోటి వరకే ఉంచి మిగతాది కత్తిరిస్తుంది. అన్ని ప్రోగ్రాములూ అంత జాగ్రత్త తీసుకుంటాయని లేదు. తెగిన ఫైలు కోట్ల బైట్లదైతే, ముక్క ఉన్న చోట దానికొక హ్యాష్, అసలు ఫైలులో మొదటి అన్ని బైట్లనే ‘హెడ్’ ఆదేశంతో వేరుచేసి దానికొక హ్యాష్ తీయాలి. రెండూ ఒకటైతే మిగతాది పంపవచ్చు. తేడా వస్తే ఆ ముక్కను చెరిపేసి మొదటి బైటు నుంచి పంపడమే త్వరగా తెమిలే పని.